అప్‌డేట్: ఇంట్లో పోకర్, చిప్స్ లెక్క కుదిరింది
సత్యనారాయణపురంలో ఆరుగురం డబ్బు పెట్టకుండా ఆడే పోకర్‌కి (ఒక రకం పేకాట) చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్లలు, ఎలా పంచాలని అడిగాను కదండీ. మీరు చెప్పినట్టే తలా 3000 విలువ చేసేవి పంచాం: 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 25/50తో మొదలు, 20 నిమిషాలకోసారి పెంపు. చిల్లర కొరత రాలేదు.

తేడా వచ్చింది సైడ్ పాట్ (విడిగా పెట్టాల్సిన రెండో పందెం కుప్ప) దగ్గరే. ఒకరు తన దగ్గరున్న 400 మొత్తం పెట్టేసి ఆల్-ఇన్, మిగతా ఇద్దరూ తలా 1000 పెట్టారు. మొత్తం 2400 ఒకే కుప్పగా పోశాం, అదే తప్పు. ముగ్గురి నుంచీ 400 చొప్పున 1200 మెయిన్ పాట్, అది ముగ్గురిలో ఎవరైనా గెలవొచ్చు. మిగిలిన 1200 సైడ్ పాట్, అది ఆ ఇద్దరి మధ్యే తేలాలి. ముక్కలు తిప్పకముందే కుప్పలు విడదీయాలి. రమ్మీ అలవాటున్న ఇళ్లలో జోకర్లు కట్టలోనే ఉండిపోతాయి, వాటిని తీసేసి 52 ముక్కలు లెక్కపెట్టుకోండి.

ఆన్‌లైన్ ప్రాక్టీస్ ఉచిత చిప్స్‌తోనే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు.