విడి పాల శాంపిల్‌ను ల్యాబ్‌కు ఎలా పంపాలి?

మేముండేది తెనాలి. రోజూ ఉదయం ఐదున్నరకు లీటరు విడి గేదె పాలు పోయించుకుంటాం. మూడు వారాలుగా తేడా కనిపిస్తోంది. కాచకుండా బయట పెట్టిన గ్లాసెడు పాలు సాయంత్రం ఆరింటికి కూడా విరగడం లేదు. ఈ ఎండల్లో అది మామూలు సంగతి కాదు. కాచి తోడు వేస్తేనేమో మర్నాటికీ పెరుగు గట్టిపడక తీగలా సాగుతోంది. రెండేళ్ల పాప తాగేవీ ఇవే, అందుకే టెన్షన్.

పాలలో నీళ్లు కలిపారేమో చూసే లాక్టోమీటర్‌లో రీడింగ్ 28 వచ్చింది. అయోడిన్ చుక్కలు వేస్తే నీలం రాలేదు, అంటే పిండి లేదు. సీసాలో గిలకొడితే సబ్బు నురగా లేదు. పులవకుండా సోడా లాంటిది కలుపుతున్నారేమోనని నా అనుమానం, కానీ ఈ మూడింటిలో అది బయటపడదు. పాలాయన్ని అడిగితే ఏమీ కలపలేదన్నాడు. సంబంధిత ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి పదిహేను రోజులైంది, ఎవరూ రాలేదు.

2006 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 ప్రకారం, కొనేటప్పుడే అమ్మే వ్యక్తికి చెప్పి, ఫీజు కట్టి, మనమే ఫుడ్ అనలిస్ట్ (ఆహార శాంపిళ్లను పరీక్షించే అధికారి) దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. అలా చేద్దామనే నిర్ణయించుకున్నాను.

ఇలా సొంతంగా పాలు పరీక్ష చేయించినవాళ్లు చెప్పండి: దారిలో పాడవకుండా, ల్యాబ్‌వాళ్లు తిప్పి పంపకుండా శాంపిల్ ఎంత తీసి, ఎలా సీలు వేసి తీసుకెళ్లారు?