క్లోన్ చేసే ముందే డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చాలా, తర్వాతా?

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఈ శనివారం 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బోర్డు మీది స్లాట్‌లో నేరుగా పెట్టే వేగమైన డ్రైవ్) తీసుకోవాలి. పీసీ: రైజెన్ 5 3600, బీ450 బోర్డు. విండోస్ 10 పాత హార్డ్‌డిస్క్‌లో, ఎంబీఆర్ పద్ధతిలో (డిస్క్‌ను పార్టిషన్లుగా విభజించే పాత పద్ధతి; జీపీటీ కొత్తది) ఉంది. దాన్ని ఎస్‌ఎస్‌డీ మీదకు క్లోన్ చేయాలి, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేయాలి.

బోర్డు స్లాట్ పీసీఐఈ జెన్ 3 (పాత తరం) కాబట్టి జెన్ 4 డ్రైవ్ పెట్టినా సెకనుకు సుమారు 3,500 ఎంబీ దాటదు. వేగం కోసం ఎక్కువ పెట్టను. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే చవక రకం) మాత్రం వద్దనుకుంటున్నాను: ఒకేసారి 300 జీబీ వీడియోలు కాపీ చేయాలి, క్యాష్ (డ్రైవ్ ముందుగా వేగంగా రాసుకునే భాగం) నిండగానే రాసే వేగం పడిపోతుంది. సొంత డీర్యామ్ మెమరీ లేని టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లు) డ్రైవ్ ఈ పనికి సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి.

అసలు చిక్కు ఇక్కడ. ఎంబీఆర్‌2జీపీటీ (విండోస్‌లోని మార్పిడి టూల్) వ్యాలిడేట్ (ముందస్తు తనిఖీ) దగ్గరే ఆగిపోతోంది. డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లున్నాయి: సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ, చివర 500 ఎంబీ రికవరీ. ఆ టూల్ మూడింటినే ఒప్పుకుంటుంది. రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని డిసేబుల్ చేసి, ఆ పార్టిషన్ తీసేసి మార్చడం మంచిదా? లేక డీ వదిలేసి మిగతావి క్లోన్ చేసి, ఎస్‌ఎస్‌డీ మీదే మార్చి, బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్ సెట్టింగ్) ఆపితే సరిపోతుందా? రెండో దారిలో పాత డిస్క్ చెక్కుచెదరదు, అందుకే అటే మొగ్గుతున్నాను. మొదటి బూట్‌కు పాత డిస్క్ సాటా కేబుల్ పీకేయాలా?