గోల్కొండ ముందా, గుమ్మటాలు ముందా?

బాటసారి: హైదరాబాద్‌లో ఒక్కరోజే ఉంటాం. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులున్న గుమ్మటాల తోట రెండూ చూడాలి. వెంట డెబ్బై ఏళ్ల పెద్దావిడ. ఏది ముందు పెట్టుకోవాలి?

కోటగుమ్మం: కోటే, అదీ గేటు తియ్యగానే. కొండ దాదాపు 120 మీటర్లు, మెట్లు మూడొందల పైనే, అంతా గ్రానైట్. పదకొండు దాటితే రాయి కాగిపోతుంది, దారిలో నీడ తక్కువ. ఇంకోటి చప్పట్లు. కోటలోకి వెళ్లే బాలాహిస్సార్ ద్వారం గుమ్మటం కింద సరిగ్గా నడిమధ్యన నిలబడి కొడితేనే పైన కొండమీది మండపం బారాదరిలో వినిపిస్తుంది. పక్కకు జరిగితే ఆ మోత రాదు. జనం పెరిగాక అందరూ ఒక్కసారే కొడుతుంటారు, పైనున్నవాళ్లకు ఏదీ విడిగా తెలియదు.

గుమ్మటాలనీడ: నేనైతే పొద్దున గుమ్మటాలే అంటాను. నాలుగింటికి కోట, చీకటి పడ్డాక అక్కడే సౌండ్ అండ్ లైట్ షో. హైదరాబాద్ కట్టించిన సుల్తాను మహమ్మద్ కులీ సమాధి దగ్గర చాలామంది పై అరుగు మీది నల్లరాతి గుర్తు చూసి తిరిగొచ్చేస్తారు. అసలు సమాధి కింద నేలమాళిగలో ఉంది. 42 మీటర్ల ఎత్తు కట్టడం, చుట్టూ ఓసారి తిరగడానికే సమయం పడుతుంది. 2013 వానలకు కొంత కూలి, మళ్లీ కట్టిన మెట్లబావి బడీ బావ్లీ కూడా వదలకూడదు. ఇవన్నీ అలసట రాకముందే చూడాలి.

కోటగుమ్మం: నాలుగింటికి మొదలెడితే కొండ ఎక్కి దిగేసరికి మూసే వేళవుతుందండీ. దిగే దారి ఎక్కే దారికన్నా నిటారు, మోకాళ్లు పట్టేసేది అక్కడే. మసక వెలుతురులో ఆ మెట్లు అస్సలు వద్దు. పెద్దావిడను ఎక్కించకండి. నగీనా బాగ్ తోట, రాణీమహళ్లు కిందే ఉన్నాయి, మిగతావాళ్లు వచ్చేదాకా అవి చూస్తారు.

నయాఖిలా: వారం చూసుకోమని ఎవరూ చెప్పలేదే! శుక్రవారం గుమ్మటాలకు సెలవు. ఆషాఢంలో ఆది, గురువారాలు కొండమీద జగదాంబ గుడికి బోనాలు వస్తాయి. వాటికోసమే వెళ్తే సరే, కోట నెమ్మదిగా చూడాలంటే ఆ రోజులు మానుకోండి. కోట నుంచి గుమ్మటాలకు బంజారా దర్వాజా మీదుగా కిలోమీటరు పైచిలుకు. ఎండలో నడవొద్దు, ఆటో ఎక్కండి.

గుమ్మటాలనీడ: దిగే మెట్ల మాట ఒప్పుకుంటాను. పెద్దావిడ ఉన్నారు కాబట్టి పొద్దున కోట, మూడు తర్వాత గుమ్మటాలు పెట్టుకోండి. ఏటవాలు ఎండలో గచ్చు నగిషీలు బాగా తేలతాయి కూడా. బావి మెట్లు మాత్రం ఆవిడ దిగొద్దు, గట్టు మీంచే చూడొచ్చు. చివరి సుల్తాను తానీషా సమాధి కోసం వెతక్కండి. 1687లో కోట పడ్డాక ఆయన్ను దౌలతాబాద్‌లో బంధించారు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

బాటసారి: అయితే షో వదిలేస్తాం. బుధవారం పొద్దున కోట గేటు దగ్గరుంటాం.