మొక్కు తీరాక మళ్లీ గుడికి వెళ్లేవారిది నిశ్చయమా, ఊరటా?

కృష్ణాతీరం:
హైదరాబాదు శివార్లలో, ఉస్మాన్‌సాగర్ దాపున ఉన్న చిలుకూరు బాలాజీ గుడి ఆనవాయితీ చాలామందికి తెలిసినదే. కోరిక చెప్పుకొనేటప్పుడు 11 ప్రదక్షిణలు చేయాలి, అది నెరవేరాక వచ్చి 108 చేయాలి. విదేశాలకు వెళ్లే కుర్రకారు పుణ్యమా అని ఆ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడింది. అంకెలు అచ్చువేసిన చీటీ చేతబట్టి, ప్రదక్షిణకొక అంకె కొట్టివేసుకుంటూ వడివడిగా తిరిగే ఆ జనాన్ని చూసినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. వీరు దేవుడున్నాడన్న నిశ్చయంతో తిరుగుతున్నారా, ఉన్నాడనుకుంటే గుండె కాస్త కుదుటపడుతుందని తిరుగుతున్నారా? నా మటుకు రెండోదే నిజమనిపిస్తుంది. ఇంటర్వ్యూ తేదీ ఖరారయ్యేదాకా తలపుకు రాని దేవుడి మీద ఉన్నదాన్ని నిశ్చయం అనడం కష్టం. మతవిశ్వాసాలు మనిషి ఆదిమమైన కోరికల నుంచి పుట్టాయని, తండ్రి అండ కోరే పసివాడి నిస్సహాయతే పెద్దయ్యాక దేవుణ్ణి వెతుక్కుంటుందని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1927లో వాదించాడు. ఆయన చిలుకూరు చూడలేదు గానీ, చూసి ఉంటే మరో ఉదాహరణ కోసం వెతుక్కోనక్కరలేకపోయేది.

లెక్కల మాస్టారు:
కృష్ణాతీరం గారూ, మీరు 11 ప్రదక్షిణల దగ్గరే ఆగిపోయి 108ని వదిలేశారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ రెండో అంకె. పాస్‌పోర్టు మీద వీసా పడిన మరుక్షణం ఆందోళన తీరింది, ఊరటతో ఇక పని లేదు. అయినా విమానం ఎక్కేలోపు చెప్పుల్లేకుండా 108 చుట్లు తిరగడానికి ఆ కుర్రవాడు ఎందుకు వస్తున్నాడు? అక్కడ హుండీ లేదు, ఎవరూ హాజరు వేసుకోరు. మాట ఇచ్చాడు కనుక వస్తున్నాడు. ఆ మాట విన్నవారు ఒకరున్నారని అనుకోకపోతే దాన్ని నిలబెట్టుకోవలసిన పనే లేదు. మొక్కు తీర్చకపోతే ఏం కీడు మూడుతుందోనన్న భయంతో వస్తున్నాడని మీరు అనవచ్చు. భయపడటానికైనా ముందు నమ్మాలి కదా. ఊరట సంగతీ అంతే: ఉత్తదని తెలిసిన మాట ఎవరినీ ఓదార్చదు. కనుక ఊరట ఉన్నచోటల్లా దాని అడుగున ఎంతో కొంత నిశ్చయం ఉండి తీరుతుంది. ఇక కోరికలోంచి పుట్టిన నమ్మకం అబద్ధమే అయి ఉండాలని ఫ్రాయిడ్ కూడా అనలేదు. అది ఎక్కడ పుట్టిందన్నది వేరు, నిజమా కాదా అన్నది వేరు అని ఆయనే విడదీశాడు.

ఓరుగల్లు వాసి:
మీరిద్దరూ జనానికి లేనిపోని ఆలోచనలు అంటగడుతున్నారు. వినాయక చవితినాడు శమంతకోపాఖ్యానం విని, అక్షతలు తలమీద వేసుకోకుండా చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు తప్పవంటారు. దేవుడే లేడని వాదించే మా తమ్ముడు కూడా ఆ పూట తల వంచి అక్షతలు వేయించుకుంటాడు. అతనిది నిశ్చయమూ కాదు, ఊరటా కాదు. పెద్దలు చేశారు, మనమూ చేస్తున్నాం. మనలో చాలామందిది ఇంతే.

గౌతమి:
ఆనవాయితీ అన్న వాదం పండుగలకు సరిపోతుంది గానీ కష్టకాలానికి సరిపోదు. మా అన్నయ్య చిన్న వయసులోనే జబ్బుచేసి పోయాడు. అతని కోసం మా అమ్మ మొక్కని దేవుడు లేడు. అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కి, మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు మోకాళ్ల మీదనే ఎక్కింది. అన్నయ్య పోయాక చాలాకాలం ఆమె దీపం పెట్టలేదు. కార్తిక మాసం వచ్చినా దేవుడి గది తలుపు తీయలేదు. కుందుల్లో పాత వత్తులు జిడ్డుతో గట్టిపడిపోయాయి. నమ్మకం పోయిందా అని ఒకసారి అడిగితే, "నమ్మకం ఎక్కడికి పోతుందే, ఆయనతో మాటలు మానేశాను, అంతే" అంది. అలిగినన్నాళ్లూ ఆమెకు దేవుడి వల్ల ఊరట లేదు, కావాలని ఆమె కోరుకోనూ లేదు. ఉన్నాడా లేడా అన్న శంక మాత్రం ఆ కోపంలో ఎక్కడా కనిపించలేదు. ఈ ప్రశ్న మొక్కు తీరినవారిని కాక తీరనివారిని అడగాలని నా అభిప్రాయం.

కృష్ణాతీరం:
గౌతమి గారూ, అమ్మగారి మాటను నేను తక్కువ చేయను. కానీ మొక్కు తీరనివారిలో అధికులు అలగరు. మన ప్రాప్తం ఇంతే అనో, దేవుడు పెట్టిన పరీక్ష అనో సర్దుకుంటారు. క్రైస్తవుల ప్రార్థన కూటాల్లోనూ జబ్బు నయమైనవారే లేచి సాక్ష్యం చెబుతారు. నయం కానివారి చేతికి మైకు అందడం అరుదు. తీరితే దేవుడి మహిమ, తీరకపోతే మన కర్మ అనుకున్నాక ఏం జరిగినా ఆ నమ్మకానికి వచ్చే నష్టం లేదు. నిశ్చయాన్ని నేను దానికి చెల్లించిన మూల్యంతో కొలుస్తాను. గోరా గారు నాస్తికుడైనందుకు కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకుని కూడా వెనక్కి తగ్గక, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అలా మూల్యం చెల్లించిన ఆస్తికుణ్ణి చూపించండి.

లెక్కల మాస్టారు:
అందుకు దూరం పోనక్కరలేదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా హయాంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్లని చెబుతారు. ఆ బందిఖానా ఇప్పటికీ ఉంది. గోడమీద ఆయన చెక్కినవంటూ దేవతామూర్తులను చూపిస్తారు. అక్కడ ఆయన నా ప్రాప్తం ఇంతే అని సర్దుకోలేదు. సీతమ్మకు చింతాకు పతకం మొదలుకొని చేయించిన నగలన్నీ ఖర్చుతో సహా లెక్క చెప్పి, ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని రాముణ్ణే నిలదీశాడు. ఆ కీర్తన చివరికి వచ్చేసరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఆయాసపడవద్దని బతిమాలుకున్నాడు. ఊరట కోసం కల్పించుకున్న దేవుణ్ణి ఎవరైనా ఇలా తిట్టి, మళ్లీ ఇలా బుజ్జగిస్తారా?

కృష్ణాతీరం:
తిట్టుకోవడంలోనూ ఊరట ఉంటుంది మాస్టారూ. అదీగాక కథ అక్కడితో ఆగలేదు. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో వచ్చి తానీషాకు బాకీ చెల్లించి గోపన్నను విడిపించారని మనం చెప్పుకుంటున్నాం. ఆ ముగింపు లేకుండా, గోపన్న చెరలోనే కన్నుమూశాడని ఉంటే, ఆయన్ని భక్తికి ఆదర్శంగా ఇన్ని తరాలు తలచుకునేవాళ్లమా?

లెక్కల మాస్టారు:
తలచుకునేవాళ్లం కామేమో. ఆ ముగింపు వినేవాళ్లకు కావలసి వచ్చిందన్న మీ అనుమానంలో బలముంది. మన మటుకు ఊరట పాలే ఎక్కువని ఒప్పుకుంటాను. కానీ నగల లెక్కలు అప్పజెప్పే నాటికి గోపన్నకు ఆ ముగింపు తెలియదు. దీన్ని కూడా పెద్దల ఆనవాయితీ కింద జమ కడతారా అన్నది ఓరుగల్లు వాసి గారే చెప్పాలి.