లావు ఊలుతో పాంపాం టోపీ: కుట్ల లెక్క, డిజైను, పైన బంతి

మంచుఊరు:
తల చుట్టుకొలత 56 సెం.మీ. సూపర్ చంకీ (బాగా లావు) ఊలు, 8 మి.మీ. రౌండ్ సూది (వైరుతో కలిపి 40 సెం.మీ.). నున్నగా కాకుండా ఉబ్బెత్తు గడుల డిజైను కావాలి, పైన పాంపాం (ఊలు పోగుల గుండ్రటి కుచ్చు). వాడేది డెట్రాయిట్ చలిలో, కాబట్టి చెవులు పూర్తిగా మూసుకోవాలి. ఎన్ని కుట్లు ఎక్కించాలి? ఊలు ఎంత కొనాలి?

ఉన్నిబుట్ట:
ముందు నమూనా ముక్క అల్లండి. 14 కుట్లు, 10 సెం.మీ. ఎత్తు, అదీ టోపీకి వేయబోయే డిజైనులోనే. అటూ ఇటూ రెండేసి కుట్లు వదిలేసి మధ్యలో కొలవాలి. ఈ ఊలుకి ఈ సూదితో 10 సెం.మీ.కి దాదాపు 10 కుట్లు వస్తాయి. టోపీ తలకంటే 6 నుంచి 8 సెం.మీ. తక్కువుంటేనే పట్టుకుని కూర్చుంటుంది, కాబట్టి 48 కుట్లు. ఆ అంకె ఊరికే చెప్పలేదు: రిబ్బుకి (అంచున సాగే పట్టీకి) 4తో, నెత్తి దగ్గర తగ్గించడానికి 6తో భాగింపబడాలి.

సన్న ఊలులో నాలుగు కుట్లు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలీదు. ఇక్కడ ఒక్కో కుట్టు ఒక సెంటీమీటరు. నమూనాలో 10కి బదులు 9 వస్తే అవే 48 కుట్లు 53 సెం.మీ. అవుతాయి, 11 వస్తే 44కి బిగుసుకుపోతాయి. అప్పుడు కుట్లు మార్చకండి, సూది మార్చండి.

ఊలు సంగతి: 100 గ్రాముల బంతిలో 80 మీటర్లు ఉంటే టోపీకి 60, 65 మీటర్లు పోతుంది. మిగిలినది పాంపాంకి చాలదు. రెండు బంతులు కొనండి, ఒకే డై లాట్ (ఒకే విడతలో రంగు వేసిన) నంబరు చూసి.

సూదీదారం:
సూది కొనేటప్పుడు నంబరు కాదు, మి.మీ. చూడండి. 8 మి.మీ. సూది అమెరికా లెక్కలో 11, పాత బ్రిటిష్ లెక్కలో 0. ఇండియాలో ఇంకా బ్రిటిష్ నంబర్లతో అమ్మే సూదులున్నాయి. అక్కడ 11 నంబరు అడిగితే 3 మి.మీ. పుల్ల చేతికొస్తుంది!

లావు ఊలు దొరకనివాళ్లు సన్న పోగులు కలిపి అల్లుకోవచ్చు. రెండు డీకే (మధ్యరకం మందం) పోగులు కలిస్తే ఆరన్ (అంతకంటే లావు) మందం, రెండు ఆరన్ పోగులు కలిస్తే చంకీ (ఇంకా లావు). సూది ప్రతి కుట్టులోనూ అన్ని పోగుల కిందినుంచీ వెళ్లిందో లేదో చూసుకోవాలి. ఒక పోగు తప్పినా బయటికి ఉచ్చులా వేలాడుతుంది.

నల్లమేక:
ఇంత లావు ఊలుకి డిజైను ఎంత సాదాగా ఉంటే అంత తేలుతుంది. నా ఓటు డబుల్ మాస్‌కి: రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున రెండు వరసలు, తర్వాతి రెండు వరసల్లో నిట్ మీద పర్ల్, పర్ల్ మీద నిట్. నాలుగు వరసలకోసారి తిరిగి మొదలు. కింద 2×2 (రెండు నిట్, రెండు పర్ల్) రిబ్బులోంచి నేరుగా ఇందులోకి రావచ్చు, కుట్లు పెంచే పని లేదు.

జడల డిజైను అందంగానే ఉంటుంది, కానీ అడ్డంగా లాగేస్తుంది. ఆరు కుట్ల జడ ఒక్కోదానికి ఒకటి రెండు కుట్లు అదనంగా ఎక్కించకపోతే టోపీ తలకి దిగదు. గుబ్బలు మాత్రం వద్దు. ఊలు మింగేస్తాయి, బరువుకి కిందికి వాలతాయి.

ఉన్నిబుట్ట:
జడల మీద అంత కోపం అక్కర్లేదండీ, ముందువైపు ఒక్కటుంటే బాగుంటుంది. గుబ్బల సంగతి ఒప్పుకుంటా.

మంచుఊరు:
డబుల్ మాసే ఖాయం చేసుకున్నా. ఎత్తు ఎంత? నెత్తి దగ్గర ఎలా తగ్గించాలి?

సూదీదారం:
కుట్లు వదులుగా ఎక్కించండి, అంచు బిగిస్తే నుదుటి మీద గీత పడుతుంది. తోక దారం (కుట్లు ఎక్కించడానికి వాడే కొస) 165 సెం.మీ. దాకా వదలాలి. 49 ఎక్కించి, గుండ్రంగా కలిపేటప్పుడు చివరి కుట్టుని మొదటిదాని మీదుగా దాటించి 48 చేస్తే అతుకు దగ్గర సందు రాదు. కలిపే ముందు కుట్ల అడుగు అంతా ఒకేవైపు ఉందో లేదో చూడండి. మెలిక పడిందంటే విప్పడం తప్ప దారి లేదు.

7 మి.మీ. సూదితో రిబ్బు 6 సెం.మీ. (చెవుల మీద మడత కావాలంటే 12). తర్వాత 8 మి.మీ.తో డబుల్ మాస్, మడత లేని టోపీకి అంచు నుంచి 16 సెం.మీ. వచ్చేదాకా. తగ్గింపు మొత్తం సాదా నిట్‌లో చేయండి, డిజైను కాపాడాలని చూస్తే లెక్క తప్పుతుంది.

6 నిట్, రెండు కలిపి ఒకటి, ఇలా చుట్టూ ఆరుసార్లు: 42. ఒక వరస సాదా. 5 నిట్, రెండు కలిపి: 36. మళ్లీ సాదా. 4 నిట్, రెండు కలిపి: 30. ఇక్కణ్నుంచి సాదా వరసలు లేవు: 24, 18, 12, 6. దారం తుంచి ఆరు కుట్లలోంచి రెండుసార్లు లాగి బిగించండి. 42 కంటే తగ్గాక కుట్లు రౌండ్ సూది మీద సాగవు, డబుల్ పాయింట్ (రెండు కొసలా మొన ఉండే) సూదులకి మారాలి. సూది మారే చోట మొదటి రెండు కుట్లూ బిగించకపోతే నిచ్చెన మెట్లలా సందులు కనిపిస్తాయి.

నల్లమేక:
పాంపాంకి రెండు అట్ట చక్రాలు: వెలుపల 9 సెం.మీ., మధ్య రంధ్రం 3 సెం.మీ. రంధ్రం దాదాపు నిండేదాకా చుట్టాలి, తక్కువ చుడితే బంతి బట్టతలలా కనిపిస్తుంది. అంచున కత్తిరించి, చక్రాల మధ్య కట్టేయండి. కట్టు అదే ఊలుతో వేయొద్దు. ఒంటిపోగు లావు ఊలు గట్టిగా లాగితే తెగుతుంది, తెగకపోయినా ముడి జారుతుంది. గట్టి నూలు దారం రెండు చుట్లు వేసి బిగించండి. తర్వాత కత్తెరతో 7 సెం.మీ.కి గుండ్రంగా కత్తిరించాలి.

ఉన్నిబుట్ట:
పాంపాంకి అదే రంగు డీకే ఊలు వాడితే ఇంకా ఒత్తుగా వస్తుంది. నల్లమేక గారు ఒప్పుకోరేమో.

నల్లమేక:
ఒత్తుగా వస్తుంది, బరువూ పెరుగుతుంది. బరువైన పాంపాం టోపీని వెనక్కి లాగుతుంది. 7 సెం.మీ. దాటకపోతే సరే.

సూదీదారం:
దాన్ని శాశ్వతంగా కుట్టేయకండి. కట్టిన దారం కొసలు నెత్తిలోంచి లోపలికి దించి, లోపల గుండీకి ముడేయండి. ఉతికేటప్పుడు విప్పొచ్చు. ఉన్ని అయితే గోరువెచ్చని నీళ్లు, పిండకుండా తువ్వాలులో అద్ది పరిచి ఆరబెట్టాలి. యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా రానీయొద్దు. వేడికి రిబ్బు సాగిపోతే మళ్లీ బిగుసుకోదు.