అమ్మ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణం: ఢిల్లీ మీదుగానా, దుబాయ్ మీదుగానా?

మియాపూర్ కుర్రాడు:
డిసెంబర్‌లో అమ్మ ఒక్కతే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్తోంది. శంషాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. నాన్న గోడ మీద మ్యాప్ చూపించి, "అమెరికా పడమరే కదా, దుబాయ్ దారిలోనే ఉంది. ఢిల్లీ వెళ్లి మళ్లీ చుట్టెందుకు?" అంటున్నారు. మీరేమంటారు?

గచ్చిబౌలి గూటిపక్షి:
మీ నాన్నగారికి గ్లోబు కొనివ్వండి. ఇప్పుడే మావాడి స్కూలు గ్లోబు మీద పురికొస పెట్టి చూశాను. బిగించి లాగితే దారం పడమరకు పోదు, ఉత్తరానికి పోతుంది. ఢిల్లీకి కాస్త తూర్పుగా వెళ్లి, టిబెట్, సైబీరియా, అలాస్కా దాటి దిగుతుంది. సుమారు 13,500 కి.మీ. మధ్యలో ఢిల్లీకి వెళ్లినా పెరిగేది ఓ వంద. దుబాయ్ అయితే 2,550, అక్కడి నుంచి ఇంకో 13,000. గంటకు 900 వేసుకున్నా రెండు గంటలు ఎక్కువ గాల్లోనే. ఢిల్లీయే.

పాతబస్తీ జహాజ్:
విమానాలు పురికొస మీద ఎగరవు భాయ్. క్యాబిన్‌లో ప్రెషర్ పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. టిబెట్‌లో కొండలే అంతకంటే ఎత్తు, అందుకే అటు వీలైనంత తప్పించుకుంటారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన కంపెనీలకు మూసేశాక ఢిల్లీ నుంచి పడమరకు పోయేవన్నీ చుట్టు తిరగాల్సి వచ్చింది. ఇంకా గాలి సంగతి ఉంది. జెట్ స్ట్రీమ్ పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పసిఫిక్ మీదుగా పోతే దూరం పెరిగినా వెనక నుంచి తోస్తుంది. ఒక్కోసారి పొడుగు దారే ముందు దింపుతుంది. కిలోమీటర్లు చూసి టికెట్ కొనకండి.

మియాపూర్ కుర్రాడు:
నాన్న ఇంకో లెక్క తెచ్చారు. దుబాయ్ టికెట్‌లో తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం 1కి దిగుతుందట. "తొమ్మిది గంటలేగా!"

గచ్చిబౌలి గూటిపక్షి:
😀 చలికాలంలో అక్కడి గడియారం మనకంటే 13½ గంటలు వెనక. అది కలిపితే 22½.

వనస్థలిపురం అత్త:
గాల్లో గంటలు లెక్కపెట్టేది మీరు, కూర్చునేది మేము. నేనూ మీ అమ్మ వయసుదాన్నే బాబూ. పోయినసారి మావాడు నాలుగు డబ్బులు కలిసొస్తాయని రెండు టికెట్లు విడివిడిగా కొన్నాడు. మధ్య ఊళ్లో బ్యాగులు దించుకుని, మళ్లీ చెకిన్ లైన్‌లో నిలబడ్డా. బ్యాగు రెండు కిలోలు ఎక్కువుందన్నారు. అందరి ముందూ తెరిచి, చీరల మడతల్లోంచి కందిపొడి ప్యాకెట్లు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో సర్దుకున్నా. సిగ్గుతో చచ్చిపోయాను. ఒకే పీఎన్నార్ మీద కొను, బ్యాగు అటునుంచటే పోతుంది. టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ రాయించు. మధ్యలో మూడు నాలుగు గంటలు వ్యవధి ఉండాలి. గంటన్నర అంటే పరుగే, మోకాళ్లకి చేతకాదు. ఈ మూడూ ఎందులో కుదిరితే అదే దారి.

పాతబస్తీ జహాజ్:
అత్తమ్మ చెప్పిందే కరెక్ట్.

గచ్చిబౌలి గూటిపక్షి:
అవన్నీ ఢిల్లీలోనూ కుదురుతాయి కదా! నా మాట మీదే ఉన్నా.

మియాపూర్ కుర్రాడు:
అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. "ఏ విమానంలో తెలుగు మాట్లాడే తోడు దొరుకుతుందో అది చూడు" అంది.

వనస్థలిపురం అత్త:
ఏ తేదీకో చెప్పు. మా ఆడపడుచు కూడా డిసెంబర్‌లోనే అటు వెళ్తోంది, ఇంకా టికెట్ కొనలేదు.