మిక్స్‌డ్ ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్: ఆడవాళ్ల గోల్‌ని రెండుగా లెక్కించే రూల్ ఉంచాలా, తీసేయాలా?

సెంటర్‌స్పాట్:
మాది సరదాగా ఆడుకునేవాళ్ల లీగ్. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకి ఆరుగురు, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఎప్పుడూ కోర్టులో ఉండాలి. చుట్టూ బోర్డులు ఉంటాయి, బంతి వాటికి తగిలి వెనక్కి వచ్చినా ఆట ఆగదు. ఆఫ్‌సైడ్ లేదు, స్లైడ్ టాకిల్ లేదు, సబ్‌లు (బయట కూర్చున్న మార్పు ఆటగాళ్లు) ఆట నడుస్తుండగానే ఎన్నిసార్లైనా మారొచ్చు. వీటి మీద ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా ఒక్క రూల్ దగ్గరే: ఆడవాళ్లు గోల్ కొడితే స్కోరు రెండు పెరుగుతుంది. వచ్చే సీజన్‌కి రూల్స్ మళ్లీ రాస్తున్నాం. ఉంచాలో తీసేయాలో చెప్పండి. ఎందుకో కూడా రాయండి, అదే మాకు ముఖ్యం.

ఎడమకాలు:
తీసేయండి. ఆ రూల్ వల్ల లాభపడాల్సిన మనిషిగానే ఈ మాట అంటున్నాను. నేను గోల్ కొట్టగానే స్కోరు రెండు మారితే, అవతలి జట్టువాళ్లు నా షాట్ గురించి మాట్లాడరు, రూల్ గురించి మాట్లాడతారు. అంత కష్టపడి కొట్టిన గోల్ నాది కాకుండా పోతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఆటలో జరుగుతోంది. చాలా జట్లు ఒక అమ్మాయిని తీసుకెళ్లి అవతలి గోల్‌లో రెండో పోస్ట్ (బంతికి దూరంగా ఉన్న గోల్ పోస్ట్) దగ్గర నిలబెడతాయి. "నువ్వు ఇక్కడే ఉండు, బంతి వస్తే కాలు పెట్టు చాలు" అంటారు. మిగతా ఆటంతా నలుగురు మగవాళ్లే ఆడతారు. ఆమె డిఫెన్స్‌కి రాదు, మిడిల్‌లో బంతి తాకదు. సీజన్ అయిపోయాక ఆమెకి వచ్చిన ఆట ఏంటి? నిలబడటం. ఇక చిన్నప్పటి నుంచీ ఆడుతున్న అమ్మాయి ఒక్కరు ఏ జట్టులో ఉంటే ఆ జట్టుకి కప్పు రాసిచ్చినట్టే. కొత్తగా వచ్చినవాళ్లని ప్రోత్సహించడానికి పెట్టిన రూల్, అందరికంటే బాగా ఆడేవాళ్లకే పనికొస్తోంది.

పాతబోర్డు:
ఎడమకాలు గారూ, రెండో పోస్ట్ దగ్గర నిలబెట్టడం నేనూ చూశాను, అది తప్పే. కానీ ఈ రూల్ లేని లీగ్‌లో కూడా ఆడినవాణ్ణి. అక్కడ అమ్మాయిలు ఖాళీగా, ఎదురుగా, చెయ్యెత్తి అడుగుతున్నా బంతి ఇవ్వరు. బంతి ఉన్న మగవాడు ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచైనా సరే తన స్నేహితుడికే పాస్ చేస్తాడు. ఆడవాళ్లని మార్క్ చేసేవాళ్లు కూడా ఉండరు, ఎందుకంటే వాళ్ల వల్ల ప్రమాదం లేదని ముందే అనుకుంటారు.

రెండు గోల్స్ రూల్ వచ్చాక ఆ లెక్క మారుతుంది. డిఫెండర్ ఆమె దగ్గరికి రావాల్సి వస్తుంది, దాంతో ఇంకొకరికి ఖాళీ దొరుకుతుంది. మనసులు మారేదాకా ఆగలేం కదండీ. బంతి వాళ్ల కాలి దగ్గరికి చేరడానికి ఏదో ఒక ఆశ చూపించాలి. ఇది తీసేస్తే దాని బదులు ఏం పెడతారో ముందు చెప్పండి.

విజిల్:
రెఫరీ వైపు నుంచి కొన్ని సంగతులు. ఈ రూల్ ఉన్న మ్యాచ్‌లో నాకు ఎక్కువ టెన్షన్ ఫౌల్స్‌తో కాదు, గోల్ ఎవరిదన్న వాదనతో. అమ్మాయి కొట్టిన షాట్ మగ డిఫెండర్ మోకాలికి తగిలి లోపలికి వెళ్తే రెండా, ఒకటా? ఆమె షాట్ బోర్డుకి తగిలి, తిరిగొచ్చి గోల్‌కీపర్ వీపుకి తగిలి లోపలికి పోతే? అమ్మాయి సెల్ఫ్ గోల్ చేస్తే అవతలి జట్టుకి రెండు ఇవ్వాలా? గుంపులో ఎవరి బూటు చివర తగిలిందో మామూలు ఫుట్‌బాల్‌లో పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ ఆ ఒక్క స్పర్శ మీదే మ్యాచ్ ఫలితం తేలుతుంది. రీప్లే ఉండదు. చిన్న కోర్టు, వేగంగా తిరిగే బంతి, ఒక్కడే రెఫరీ.

ఇంకో సంగతి. సాధారణ ఫుట్‌బాల్ నియమావళి కింది స్థాయి పోటీలకి కొన్ని సడలింపులు ఇస్తుంది: మైదానం కొలతలు, బంతి సైజు, గోల్ పోస్టుల కొలతలు, ఆట సమయం, బయటికి వెళ్లిన సబ్ మళ్లీ లోపలికి రావడం, కాసేపు బయట కూర్చోబెట్టే శిక్ష. గోల్ విలువ మార్చడం ఆ జాబితాలో లేదు. సరదా లీగ్‌కి ఆ నియమావళి కట్టుబాటు లేదు, నిజమే. అయినా ఆటని అందరికీ అనువుగా మార్చాలని కూర్చున్నవాళ్లు ఏవేవి ముట్టుకున్నారో, దేన్ని ముట్టుకోలేదో చూస్తే ఆలోచించాల్సిన విషయమే అనిపిస్తుంది.

నా దృష్టిలో ఆడవాళ్లు లీగ్ మానేయడానికి అసలు కారణం స్కోరు కాదు, బోర్డుల దగ్గర తోపులాట. వెనకనుంచి వచ్చి భుజంతో బోర్డుకేసి నొక్కేస్తారు. దానికి ఫౌల్ ఒక్కటే సరిపోదు. బోర్డులున్న ఇండోర్ ఆటలో నీలం కార్డు చూపించి రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతి చాలా చోట్ల ఉంది, అది పెట్టండి. ఫుట్‌సాల్ (జట్టుకి ఐదుగురితో ఇండోర్‌లో ఆడే ఫుట్‌బాల్) నుంచి కూడా ఒకటి తెచ్చుకోవచ్చు: ఒక అర్ధభాగంలో జట్టు చేసిన ఫౌల్స్ కూడుతూ పోతారు, ఆరో ఫౌల్ నుంచి ఆటగాళ్ల అడ్డుగోడ లేని ఫ్రీకిక్ ఇస్తారు, గోల్‌కి 10 మీటర్ల దూరం నుంచి కొట్టొచ్చు. చిన్న చిన్న ఫౌల్స్‌తో ఆటని చంపేసే జట్లకి అదే మందు.

కొత్తబూట్లు:
ఇంతవరకూ రాసినవాళ్లంతా ఆట వచ్చినవాళ్లలా ఉన్నారు. నేను పెద్దయ్యాక మొదలుపెట్టాను. రెండు గోల్స్ రూల్ వల్ల నాకు బంతి వచ్చిన మాట నిజం, అందుకే దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ ఆ బంతి ఎప్పుడూ గోల్ ముందే వచ్చేది, అందరూ అరుస్తుండగా. తప్పితే జట్టంతా నీరసపడేది. వెనక్కి వెళ్లి, నింపాదిగా బంతి అందుకుని, ఒక పాస్ ఇచ్చి ఆట నేర్చుకుందామంటే ఆ అవకాశమే రాలేదు.

నిజంగా భయమేసేది మాత్రం షాట్లకే. మూడు మీటర్ల దూరం నుంచి బలమంతా పెట్టి ముఖం ఎత్తులో కొడతారు. అలా ఒకసారి తగిలాక నేను అడ్డం వెళ్లడం మానేశాను. దీని గురించి ఎవరైనా మాట్లాడండి.

రెండోపోస్ట్:
ఆడ, మగ కలిసి ఆడటానికే పుట్టిన ఆటలు ఏం చేశాయో చూద్దాం. చేతులతో బంతిని బుట్టలో వేసే కోర్ఫ్‌బాల్ 1902లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. జట్టుకి నలుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. ఆడవాళ్లని ఆడవాళ్లే, మగవాళ్లని మగవాళ్లే అడ్డుకోవాలి. ఎగిరే పళ్లెం విసురుకుంటూ ఆడే అల్టిమేట్ ఫ్రిస్బీ మిక్స్‌డ్ విభాగంలో జట్టుకి ఏడుగురు ఆడతారు, నలుగురు ఆడవాళ్లయితే ముగ్గురు మగవాళ్లు, లేదా నలుగురు మగవాళ్లయితే ముగ్గురు ఆడవాళ్లు. రెంటిలోనూ ఎవరు స్కోర్ చేసినా విలువ ఒకటే. సంఖ్య దగ్గర, అడ్డుకునే తీరు దగ్గర రూల్ పెట్టారు తప్ప స్కోరు జోలికి పోలేదు.

కోర్ఫ్‌బాల్ పద్ధతిని ఇక్కడ ఉన్నదున్నట్టు పెట్టలేం. అక్కడ బంతిని పట్టుకుని పరిగెత్తరు, కోర్టు రెండు భాగాలు, ఎవరు ఎవరి దగ్గరుండాలో స్పష్టంగా ఉంటుంది. ఇక్కడ బంతి తీసుకుని ఒకరు దూసుకొస్తుంటే, వాళ్లు ఆడో మగో చూసి పక్కకి తప్పుకోమనడం కుదరదు. కానీ సంఖ్య సంగతి తప్పకుండా తీసుకోవచ్చు. ఆరుగురిలో ఇద్దరు అనడమే అసలు చిక్కు. ఆ ఇద్దరిలో ఒకరిని గోల్‌లో నిలబెడితే బయట ఆడే ఐదుగురిలో మిగిలేది ఒక్కతే. ఆ ఒక్కతికి ఎలా పాస్ చేయించాలా అని మనం తల పట్టుకుంటున్నాం. గోల్‌కీపర్‌ని లెక్కలోంచి తీసేసి, బయటి ఐదుగురిలో కనీసం ఇద్దరు అని రాయండి. అప్పుడు వాళ్లకి ఇవ్వకుండా ఆడటమే కష్టమవుతుంది.

పాతబోర్డు:
సంఖ్య పెంచడం బాగుంది. కానీ దానితో పాటు ఇంకొకటి కావాలి. కొన్ని లీగ్‌లలో వరసగా రెండు గోల్స్ మగవాళ్లే కొట్టకూడదని ఉంటుంది. ఒకటి మగవాళ్లు కొడితే ఆ జట్టు తర్వాతి గోల్ ఆడవాళ్లే కొట్టాలి. అక్కడ గోల్ విలువ ఒకటే కాబట్టి ఎడమకాలు గారి అభ్యంతరం కూడా తీరిపోతుంది.

విజిల్:
అది ఇంతకంటే చెడ్డదండీ. ఒక జట్టు మగవాళ్ల గోల్‌తో సమం చేసింది, ఐదు నిమిషాలే ఉంది అనుకోండి. ఇక ఆ జట్టు మగవాళ్ల షాట్‌కి విలువ లేదు. అది అవతలివాళ్లకీ తెలుసు. మగవాళ్లని వదిలేసి ఇద్దరు అమ్మాయిల మీద నలుగురు పడతారు. కొత్తబూట్లు గారు చెప్పిన భయం రెట్టింపవుతుంది. రూల్ వల్ల ఎవరి ఆట బాగుపడాలో వాళ్లే దెబ్బలు తింటారు.

షాట్ల గురించి అడిగారు కదా. బలంగా కొట్టొద్దు అని రాస్తే ఎంత బలమో నేను కొలవలేను. దగ్గరగా మనిషి అడ్డం ఉన్నప్పుడు నడుము కంటే పైకి షాట్ కొడితే ప్రమాదకరమైన ఆటగా భావించి ఫ్రీకిక్ ఇస్తాను, మళ్లీ చేస్తే నీలం కార్డు. ఎత్తు కంటికి కనిపిస్తుంది, కాబట్టి అమలు చేయొచ్చు. ఇది ఆడ, మగ తేడా లేకుండా అందరికీ వర్తించాలి. బంతి కూడా మార్చండి. ఫుట్‌సాల్‌లో వాడే నాలుగో సైజు బంతి తక్కువ ఎగురుతుంది, నేల మీద పాస్‌లు పెరుగుతాయి.

ఎడమకాలు:
పాతబోర్డు గారూ, ఆడవాళ్ల వల్ల ప్రమాదం లేదని ముందే అనుకుంటారని మీరు రాశారు. ఆ అభిప్రాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్ జట్టు ఆడుతుంటే 53,000 మంది చూశారు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబర్‌లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ల ఆటని నిషేధించింది. ఆ నిషేధం సుమారు యాభై ఏళ్లు ఉంది. ఆడవాళ్లు వెనకబడి కనిపించేది ఆడనివ్వని ఏళ్ల వల్ల. ఆ ఏళ్లని స్కోరుబోర్డు మీద ఒక గోల్ ఎక్కువ వేసి తీర్చలేం. మైదానంలో గడిపే సమయం పెంచితేనే తీరుతుంది. అందుకే నేను రెండోపోస్ట్ గారి సంఖ్య రూల్‌కి పూర్తిగా ఓటేస్తున్నాను.

కొత్తబూట్లు:
బయట ఇద్దరు ఉండేటట్టయితే రెండు గోల్స్ రూల్ పోయినా నాకు బాధ లేదు. నడుము ఎత్తు రూల్ మాత్రం వదలకండి. అది లేకపోతే సంఖ్య పెంచినా ఆ ఇద్దరూ పక్కకి తప్పుకుంటూనే ఆడతారు.

పాతబోర్డు:
నాకింకా అనుమానం ఉంది. ముగ్గురు మగవాళ్లు తమలో తామే తిప్పుకుంటూ ఆడగలరు, నేను చూశాను. ఒక సీజన్ పెట్టి చూద్దాం. పాస్‌లు రావట్లేదని ఆడవాళ్లే అంటే మళ్లీ ఈ చర్చ తెరవాలి. ఆ హామీ ఇస్తే ఒప్పుకుంటాను.

సెంటర్‌స్పాట్:
ఆ హామీ ఇస్తున్నాను, సీజన్ మధ్యలో ఆడవాళ్లని విడిగా అడుగుతాం. ముసాయిదా ఇలా రాస్తున్నాను: ఎవరు కొట్టినా గోల్ ఒకటే. గోల్‌కీపర్ కాకుండా కోర్టులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు. ఎదుట మనిషి ఉండగా నడుము పైకి షాట్ కొడితే ఫ్రీకిక్, మళ్లీ చేస్తే నీలం కార్డు. బోర్డుకేసి నొక్కితే మొదటిసారే నీలం కార్డు, రెండు నిమిషాలు బయట. ఫుట్‌సాల్ బంతి. ఎవరు ఏ కోటాలో ఆడాలన్నది పేరు నమోదు చేసుకునేటప్పుడు ఆ మనిషి చెప్పినదే చెల్లుతుంది, మైదానంలో దాని మీద ప్రశ్నలుండవు.

ఒక్కటి తేలలేదు. ఒక జట్టుకి ఆ రోజు ఒక్క అమ్మాయే వస్తే ఏం చేయాలి? ఆమె స్థానంలో మగవాణ్ణి దింపనిస్తే రూల్‌కి అర్థం ఉండదు. అయిదుగురితో ఆడమంటే వచ్చిన ఆ ఒక్కతీ ఊపిరాడకుండా పరిగెత్తాలి.

రెండోపోస్ట్:
అయిదుగురితోనే ఆడనివ్వండి. లేకపోతే ప్రతి వారం ఎవరో ఒకరు రాలేదనే చెబుతారు.

ఎడమకాలు:
అప్పు తెచ్చుకోనివ్వండి. ఆ రోజు మ్యాచ్ లేని జట్ల నుంచి ఎవరైనా ఒక అమ్మాయి వచ్చి ఆడొచ్చు, అవతలి కెప్టెన్ ఒప్పుకోనక్కర్లేదు, నాకౌట్ మ్యాచ్‌లకి మాత్రం వద్దు. ఎవరూ దొరక్కపోతే అయిదుగురు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ముందుగా పేరిచ్చుకునే జాబితా ఒకటి పెట్టండి, మొదటి పిలుపు వాళ్లకే వెళ్లాలి. కొత్తబూట్లు గారూ, మీ పేరు రాయించండి.